కరిగిన ఎముకకు ఏ పొర కప్పాలి?



చిగుళ్ల జబ్బు ముదిరి పన్ను ఊగడం మొదలయ్యాక మా దగ్గరికి వచ్చేవాళ్లు ముందుగా అడిగే మాట ఒకటుంది. "డాక్టరుగారూ, పోయిన ఎముక మళ్లీ వస్తుందా?" కొన్ని పళ్ల చుట్టూ వస్తుంది, కొన్నిటి చుట్టూ రాదు. వచ్చే అవకాశం ఉన్నచోట దాన్ని రప్పించడానికి ఎక్కువగా వాడే పద్ధతి, చిగురుకూ ఎముకకూ మధ్య ఒక పల్చటి పొర పెట్టి కుట్టేయడం. ఆ పొరనే మెంబ్రేన్ అంటారు. ఇవాళ వీటిలో బోలెడు రకాలు దొరుకుతున్నాయి. టెఫ్లాన్‌తో చేసినవి, టైటానియం పట్టీ వేసినవి, పశువుల నుంచీ పందుల నుంచీ చేపల నుంచీ తీసినవి, మన రక్తంతోనే తయారుచేసేవి, కాన్పు అయ్యాక మాయ నుంచి వేరుచేసినవి. ఏది మేలు, ఎవరికి మేలు, అసలు ఎంత మేలు అన్నది ఈ ప్రసంగంలో చెబుతాను. ఖర్చు పెట్టేదీ కుర్చీలో పడుకునేదీ మీరే కాబట్టి ఈ సంగతులు మీకు తెలిసి ఉండాలని నా కోరిక.

ముందు ఎముక ఎందుకు కరుగుతుందో చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న నోట్లో పంటికీ చిగురుకూ మధ్య సందు 3 మిల్లీమీటర్లకు మించదు. అందులో పాచి చేరి, గట్టిపడి గార కడితే, సూక్ష్మజీవులు అక్కడే కాపురం పెడతాయి. వాటిని తరమడానికి మన ఒంటి రక్షణ కణాలు వస్తాయి. ఆ పోరాటం నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగితే వాపు లోపలికి దిగి, ఎముకను అరిగించే కణాలను రెచ్చగొడుతుంది. ఇదంతా పెద్దగా నొప్పి లేకుండానే జరుగుతుంది. బ్రష్ చేసినప్పుడు కాస్త రక్తం, పొద్దున లేస్తే నోటి దుర్వాసన, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ముదిరిన చిగుళ్ల జబ్బు పెద్దవాళ్లలో సుమారు 19 శాతం మందికి, అంటే 100 కోట్ల మందికి పైగా ఉంది. మన ఊళ్లలో ఇంకా ఒక అపోహ కూడా ఉంది. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని. అప్పటికే ఎముక పోయిన పళ్లను గార పట్టి ఉంచుతుంది. గార తీయగానే ఆ వదులు బయటపడుతుంది. నింద మాత్రం క్లీనింగ్ మీద పడుతుంది. ఈ భయంతో ఆగిపోయినవాళ్లు ఎముక సగం పోయాక వస్తుంటే నిజంగా బాధేస్తుంది.

క్లీనింగ్ చేసి, వేరును లోపలి దాకా గీకి శుభ్రం చేశాక చాలామందికి జబ్బు అక్కడితో ఆగిపోతుంది. అయితే అది మానే తీరులో ఒక చిక్కుంది. శుభ్రమైన వేరు మీదికి చేరడానికి నాలుగు రకాల కణాలు పోటీ పడతాయి. చిగురు పైచర్మం కణాలు, చిగురు లోపలి మెత్తటి కండ కణాలు, ఎముక కణాలు, వేరును ఎముకకు కట్టి ఉంచే లిగమెంట్ కణాలు. వీటిలో పైచర్మం కణాలు అందరికంటే ముందుగా పరుగెత్తుతాయి. నాటిన వరి నారు వేళ్లూనుకునేలోపు కలుపు మడినంతా కమ్మేసినట్టు, అవి వేరు పొడుగునా కిందికి పాకిపోతాయి. పుండు మూతపడుతుంది, వాపు తగ్గుతుంది. ఎముక రావడానికి మాత్రం చోటు మిగలదు.

1976లో మెల్చర్ అనే శాస్త్రవేత్త ఒక ఊహ చేశాడు. వేరు మీదికి ఏ కణాలు ముందు చేరతాయో, మానడం ఆ రకంగానే ఉంటుంది అని. ఆ తర్వాత స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరంలో నైమన్, లిండే, కారింగ్ అనే వైద్యులు జంతువుల మీద ఈ మాటను పరీక్షించారు. వేరుకు ఎముక నేరుగా తగిలితే రెండూ అతుక్కుపోతున్నాయి. చిగురు కండ తగిలితే వేరు కరిగిపోతోంది. లిగమెంట్ కణాలు చేరితేనే వేరు మీద సిమెంటం అనే కొత్త గట్టి పూత, అందులోకి నాటుకున్న కొత్త నారలు వస్తున్నాయి. కాబట్టి చేయాల్సిన పని తేలింది. ముందు పరుగెత్తేవాటిని అడ్డుకుని, నెమ్మదిగా నడిచేవాటికి వ్యవధి ఇవ్వాలి.

1982లో వాళ్లు ఆ పని ఒక మనిషి నోట్లో చేశారు. కింది వరసలో ముందుపన్ను. ఎలాగూ తీసేయాల్సిన పన్ను. అడ్డంగా పెట్టిన పొర ఏమిటో తెలుసా? ప్రయోగశాలలో ద్రవాల నుంచి సూక్ష్మజీవులను వడకట్టడానికి వాడే మిల్లీపోర్ ఫిల్టర్ కాగితం. నోటి కోసం తయారైన వస్తువే కాదు అది. 3 నెలల తర్వాత పన్నును చుట్టూ ఉన్న కండతో సహా తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, జబ్బు తిన్న వేరు మీద కొత్త సిమెంటం, కొత్త నారలు కనిపించాయి. జబ్బుతో పోయిన పట్టు మనిషిలో తిరిగి రాగలదని ఆ ఒక్క పన్ను చూపించింది. నా దృష్టిలో చిగుళ్ల వైద్యంలో ఇంతకంటే అందమైన ప్రయోగం లేదు.

వడపోత కాగితం పెళుసుగా ఉంటుంది, చిరిగిపోతుంది. అందుకని 1986లో గాట్లో అనే వైద్యుడు, ఆయన తోటివాళ్లు టెఫ్లాన్ పొర వాడారు. మామూలు టెఫ్లాన్‌ను సాగదీసి సన్నని రంధ్రాలు తెచ్చిన రకం అది. వానకు తడవని గోర్‌టెక్స్ కోట్లకూ, గుండె ఆపరేషన్లలో రక్తనాళాల అతుకులకూ వాడేది ఇదే. ఒంటికి పడుతుంది, కరగదు, ఆకారం నిలబెట్టుకుంటుంది. ఫలితాలూ బాగున్నాయి. కష్టం రెండు చోట్ల వచ్చింది. కరగదు కాబట్టి 4 నుంచి 6 వారాల తర్వాత మళ్లీ మత్తు ఇచ్చి, చిగురు కోసి తీయాలి. అప్పటికి పొర కింద ఉండేది ఎముక కాదు. ఎర్రగా, రబ్బరులా మెత్తగా ఉండే పసి కండ. దాన్ని ముట్టుకోకుండా పొర లాగి, మళ్లీ చిగురుతో పూర్తిగా కప్పాలి. చిగురు చాలకపోతే అప్పటిదాకా సంపాదించింది కూడా పోతుంది. రెండో కష్టం ఇంకా పెద్దది. మానేలోపే చిగురు కిందికి జారి పొర బయటపడేది. ఒకసారి బయటపడితే ఆ సన్నని రంధ్రాల్లో సూక్ష్మజీవులు చేరి, పొర కిందికి దారి చేసుకునేవి.

దీనికి విరుగుడుగా రంధ్రాలు బాగా చిన్నవైన దట్టమైన టెఫ్లాన్ వచ్చింది. సూక్ష్మజీవులు అందులో దూరలేవు కాబట్టి కాస్త బయటపడినా తట్టుకుంటుంది. పోయిన పంటి చోట బిగించే ఇంప్లాంట్ కోసం దవడ ఎముక పెంచేటప్పుడు అది బాగా పనికొస్తోంది. టైటానియం పట్టీ వేసిన టెఫ్లాన్‌ది మరో గుణం. ఎముక కరిగినచోట పడిన గుంత వెడల్పుగా ఉన్నప్పుడు మామూలు పొర మధ్యలో కుంగి వేరుకు అతుక్కుపోతుంది, కింద ఖాళీ ఉండదు, ఖాళీ లేనిచోట ఎముక పెరగదు. టైటానియం ఆ కుంగుబాటును ఆపుతుంది. 1995లో ఇటలీలో కోర్టెలీనీ, పీనీ ప్రాటో, టోనెట్టి అనే వైద్యులు 45 మందిని మూడు గుంపులు చేసి పరీక్షించారు. టైటానియం పొర పెట్టినవాళ్లలో పంటి పట్టు సగటున 5.3 మిల్లీమీటర్లు పెరిగింది, మామూలు టెఫ్లాన్‌తో 4.1, ఏ పొరా లేకుండా చిగురు తెరిచి శుభ్రం చేసినవాళ్లలో 2.5. వాళ్లనే 20 ఏళ్ల పాటు వెంబడించి 2017లో ఫలితం ప్రకటించారు. పొర పెట్టిన పళ్లలో ఒక్కటీ పోలేదు, వట్టి శుభ్రం చేసినవాటిలో 2 పోయాయి. మిగిలినవాటిలోనూ జబ్బు తిరగబెట్టడం పొర లేని గుంపులోనే ఎక్కువ. వైద్యంలో 20 ఏళ్లు వెంటబడి చూసిన పరీక్షలు అరుదు, అందుకే దీన్ని నేను గౌరవిస్తాను.

ఇంత బాగున్నా, ఇవాళ చిగుళ్ల జబ్బుకు టెఫ్లాన్ వాడేవాళ్లు తగ్గిపోయారు. కారణం రెండో ఆపరేషన్. దాన్ని తప్పించేవి కరిగే పొరలు.

కరిగేవాటిలో రసాయనంతో చేసినవి ఉన్నాయి. కరిగిపోయే కుట్టు దారాలు చేసే జాతి పదార్థాలే, పాలీలాక్టిక్ ఆమ్లం వంటివి. ఒంట్లో నీటితో విడిపోయి లాక్టిక్ ఆమ్లంగా మారి, చివరకు నీరూ కార్బన్ డయాక్సైడూ అయిపోతాయి. ఎన్నాళ్లలో కరగాలో తయారీలోనే నిర్ణయించవచ్చు. కరిగేటప్పుడు కొంచెం ఆమ్లం పుట్టి అక్కడ కాస్త వాపు రావచ్చు.

ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉన్నవి కొల్లాజెన్ పొరలు. కొల్లాజెన్ మన చర్మంలో, ఎముకలో, చిగురులో సహజంగా ఉండే మాంసకృత్తు. అందుకే ఒంటికి పరాయిగా తోచదు. రక్తాన్ని త్వరగా గడ్డకట్టిస్తుంది, మానడానికి కావలసిన కణాలను దగ్గరికి పిలుస్తుంది, కాస్త బయటపడినా చాలాసార్లు దానంతటదే కరిగి చిగురు మూసుకుంటుంది. తడవగానే మెత్తబడి గుంత అంచులకు ఒదిగిపోతుంది. స్విట్జర్లాండ్ వాళ్ల బయోగైడ్ పొరకు రెండు ముఖాలుంటాయి, నునుపైనది చిగురు వైపు, గరుకైనది ఎముక వైపు పెట్టాలి. కొల్లాజెన్ బలహీనత కూడా ఆ మెత్తదనమే. గుంత వెడల్పైతే కుంగిపోతుంది. అందుకని కింద ఎముక పొడి నింపి పైన పొర కప్పుతాం. ఇక నోట్లో వాపు ఎక్కువగా ఉంటే, కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములు కొన్ని వారాల్లోనే దాన్ని తినేస్తాయి. కనీసం 4 నుంచి 6 వారాలు నిలిస్తేనే దాన్ని పెట్టిన ఫలం. ఎక్కువ కాలం నిలవడానికి దాని నారల మధ్య అదనపు ముడులు వేసిన రకాలున్నాయి. అవి నెలల తరబడి ఉంటాయి, మానే తీరు మాత్రం కొంచెం మందగించవచ్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ కొల్లాజెన్ ఎక్కడి నుంచి వస్తుంది? కొన్ని రకాలు పంది నుంచి, కొన్ని పశువుల నుంచి, కొన్ని చేప నుంచి. కింద నింపే ఎముక పొడి కూడా చాలాసార్లు పశువులదే. మన దగ్గర మాంసం ముట్టనివాళ్లున్నారు, పంది పేరెత్తడానికే ఇష్టపడనివాళ్లున్నారు, గోవును పూజించేవాళ్లున్నారు. పొర డబ్బా మీద సన్నటి అక్షరాల్లో రాసి ఉంటుంది, రోగికి మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పడం డాక్టరు బాధ్యత. చెప్పకపోతే అడగడం మీ హక్కు. అభ్యంతరం ఉంటే చేప కొల్లాజెన్ ఉంది, రసాయన పొరలున్నాయి, మన రక్తంతో చేసే పొర ఉంది. "మా మతం వాళ్లకు పనికొచ్చేది పెట్టండి" అని అడిగించుకోవాల్సిన పనే లేకుండా, ముందే ఇవన్నీ టేబుల్ మీద పెట్టే రోజు రావాలి.

రక్తంతో చేసే పొర పేరు పీఆర్ఎఫ్. 2001లో ఫ్రాన్స్‌లో షుక్రూన్ అనే వైద్యుడు ఈ పద్ధతి తెచ్చాడు. రోగి చేతి నుంచి కొంచెం రక్తం తీసి, గడ్డకట్టకుండా ఆపే మందేమీ కలపకుండా, వెంటనే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో పది పన్నెండు నిమిషాలు తిప్పుతారు. మధ్యలో పసుపుపచ్చటి గడ్డ వస్తుంది. దాన్ని నొక్కితే పొర తయారు. ఖర్చు చాలా తక్కువ, పరాయి పదార్థం లేదు, మానడాన్ని ప్రోత్సహించే అంశాలు అందులో నిండుగా ఉంటాయి. మన దేశంలో దీని మీద ఎంతో పని జరిగింది. బెంగళూరు ప్రభుత్వ దంత వైద్య కళాశాల నుంచి 2011లో వచ్చిన పరీక్షలో, వట్టి శుభ్రం చేసిన గుంతల కంటే పీఆర్ఎఫ్ పెట్టిన గుంతలు బాగా నిండాయి. అయితే ఇది రెండు వారాల్లోపే కరిగిపోతుంది. అడ్డుగోడ పని కావలసినంత కాలం చేయలేదు. మానడానికి సాయం చేసే పదార్థంగా దాన్ని నేను మెచ్చుకుంటాను, మెంబ్రేన్‌కు పూర్తి బదులుగా మాత్రం లెక్కవేయను.

మాయ నుంచి వచ్చే ఉమ్మపొర సంగతి. సిజేరియన్ కాన్పుల్లో తల్లుల అనుమతితో సేకరించి, అంటురోగాల పరీక్షలు చేసి, ఆరబెట్టి, రేడియేషన్‌తో శుద్ధి చేస్తారు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి టిష్యూ బ్యాంకు ఇలాంటి పొరలను సరఫరా చేస్తోంది. చాలా పల్చగా ఉంటుంది, కుట్టే పని లేకుండా వేరుకు అంటుకుపోతుంది, సూక్ష్మజీవులను కొంత అడ్డుకుంటుంది. పల్చన కాబట్టి ఖాళీని నిలబెట్టే బలం దానికి లేదు.

మరి వీటన్నిటిలో గెలిచింది ఏది? కరిగేవాటినీ కరగనివాటినీ పోల్చిన సమీక్షల్లో, పంటి పక్కనున్న గుంతల విషయంలో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2006లో, వైద్య పరీక్షలను సమీక్షించే కాక్రేన్ సంస్థ కోసం నీడిల్‌మన్ బృందం 17 పరీక్షలను కలిపి చూసింది. వట్టి ఆపరేషన్ కంటే పొర పెట్టినచోట పట్టు సగటున 1.2 మిల్లీమీటర్లు అదనంగా వచ్చింది. ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ ఫలితాల్లో పెద్ద తేడాలున్నాయని కూడా వాళ్లే రాశారు. ఆ తేడాలు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే అసలు ప్రశ్న. నా అనుభవమూ చదివినదీ కలిపి చెబుతున్నాను, ఆ తేడాలు చాలావరకు పొర వల్ల వచ్చినవి కావు.

వాటి అసలు కారణాల్లో మొదటిది గుంత ఆకారం. ఎక్స్‌రేలో ఎముక రెండు రకాలుగా పోయి కనిపిస్తుంది. అన్ని పళ్ల చుట్టూ సమంగా దిగిపోవడం ఒకటి. దానికి ఏ పొరా పనిచేయదు, ఎంత ఖరీదైనదైనా సరే. ఒక పంటి పక్కన లోతుగా, ఇరుకుగా గుంత పడటం రెండోది. దానికి మూడు వైపులా ఎముక గోడలు మిగిలి ఉంటే ఫలితం చాలా బాగుంటుంది. 3 మిల్లీమీటర్లు, అంతకంటే లోతైన గుంతకు, క్లీనింగ్ తర్వాత కూడా లోతైన సందు మిగిలితే, ఎముక పెంచే ఆపరేషన్ చేయమని 2020లో యూరప్ చిగుళ్ల వైద్యుల సమాఖ్య సూచించింది. కింది దవడపళ్ల వేర్ల మధ్య సగం దాకా తొలిచిన సందుకూ పొర పనికొస్తుంది. ఆ సందు ఇటు నుంచి అటు పూర్తిగా తొలిస్తే మాత్రం ఆశ పెట్టుకోలేం.

రెండోది డాక్టరు చేయి. పళ్ల మధ్య ఉండే చిగురు మొనను తెగకుండా కాపాడుతూ కోసే పద్ధతిని కోర్టెలీనీ, టోనెట్టి మెరుగుపరిచాక, పొరలు బయటపడటం బాగా తగ్గింది. 2011లో వాళ్లు ఇంకో అడుగు వేశారు. చాలా చిన్న కోతతో, సూక్ష్మదర్శిని సాయంతో 45 మందికి ఆపరేషన్ చేశారు. ఒక గుంపులో ఏమీ పెట్టలేదు. రెండో గుంపులో పంది పంటి మొగ్గల నుంచి తీసే ఎమ్‌డోగెయిన్ జెల్ పూశారు, మూడో గుంపులో జెల్‌తో పాటు ఎముక పొడీ నింపారు. ఏడాది తర్వాత మూడు గుంపుల్లోనూ పట్టు సుమారు 4 మిల్లీమీటర్లు పెరిగింది. ఏమీ పెట్టని గుంపు వెనకబడలేదు! రక్తపు గడ్డ కదలకుండా, చిగురు గట్టిగా మూసుకుని ఉంటే, ఆ గుంతలో ఒళ్లు తన పని తాను చేసుకుంది. ఇది చదివినప్పటి నుంచి ఏ పొర అని అడిగినవాళ్లను, ముందు కోత గురించి, కుట్టు గురించి అడగమంటున్నాను.

మూడోది మీ చేతిలోనిది. పొగాకు. 1995లో టోనెట్టి బృందం చూసినదాంట్లో పొర పెట్టాక పట్టు పెరగడం పొగ తాగనివాళ్లలో సగటున 5.2 మిల్లీమీటర్లు, తాగేవాళ్లలో 2.1. ఏ రెండు పొరల మధ్యా ఇంత తేడా నేను చూడలేదు. బీడీ, సిగరెట్, చుట్ట, ఖైనీ, గుట్కా, వీటిలో ఏది ఉన్నా ముందు మానేసి, తర్వాత ఆపరేషన్ గురించి మాట్లాడుకోవాలి. చక్కెర జబ్బు ఉంటే అది అదుపులోకి రావాలి. నోట్లో పాచి నిలవ ఉన్నన్నాళ్లు పొర పెట్టడం డబ్బు పారేసుకోవడమే.

"ఇంత శ్రమ ఎందుకు, పన్ను తీసేసి ఇంప్లాంట్ పెట్టించుకుంటే పోలా?" అని అడుగుతారు. వేరు కొస దాకా ఎముక పోయిన పళ్లున్న 50 మందిని ఇటలీలోనే రెండు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకు పళ్లు తీసి ఇంప్లాంట్ లేదా బ్రిడ్జి పెట్టారు, ఇంకో గుంపుకు ఎముక పెంచే చికిత్స చేశారు. 10 ఏళ్ల తర్వాత కాపాడిన పళ్లలో 88 శాతం నోట్లోనే ఉన్నాయి, మొత్తం ఖర్చు కూడా తక్కువైంది. తీసేయాల్సిందే అనుకున్న పళ్లవి! అందరి చేతిలోనూ ఇదే ఫలితం వస్తుందనను. వాళ్లు చేయి తిరిగినవాళ్లు, రోగులు కూడా 3 నెలలకోసారి శుభ్రం చేయించుకున్నారు. కానీ ఊగుతోంది కాబట్టి తీసేద్దాం అనే తొందర తప్పని ఇది చెబుతోంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ విజయవాడలోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. ప్రైవేటు ఖర్చు భరించలేనివాళ్లు పన్ను తీయించేముందు అక్కడి చిగుళ్ల విభాగంలో ఒకసారి చూపించుకోండి.

నా ఎంపిక అడిగితే, లోతైన ఇరుకు గుంతకు చిన్న కోత, జాగ్రత్తైన కుట్టు, అవసరమైతే కొల్లాజెన్. వెడల్పు గుంతకు కింద ఎముక పొడి, పైన కొల్లాజెన్. బాగా వెడల్పై, రెండో ఆపరేషన్‌కు రోగి సిద్ధమైతే టైటానియం టెఫ్లాన్. డబ్బు ఇబ్బందైతే పీఆర్ఎఫ్.

ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు ఆ చోట బ్రష్ తగలకూడదు, డాక్టరు ఇచ్చిన క్లోర్‌హెక్సిడిన్ మందుతో పుక్కిలించాలి, ఆ వైపు నమలకూడదు. తొలి 6 నెలలు అక్కడ ఎవరూ కొలత పుల్ల దించి చూడకూడదు, లోపల ఉన్నది ఇంకా పసి కండే. ఎముక గట్టిపడటం ఎక్స్‌రేలో స్పష్టంగా తెలియడానికి 6 నెలల నుంచి ఏడాది పడుతుంది. ఏడాది నిండాక ఎక్స్‌రే తీయించుకుని, ఆపరేషన్‌కు ముందు తీసినదాని పక్కన పెట్టి, ఎంత వచ్చిందో వేలుపెట్టి చూపించమని డాక్టరును అడగండి.